ఐదు రోజులకోసారి మా చెలక: సిరోంచల కోపర్నికస్ బ్రౌజర్ వాడినాక

కోపర్నికస్ బ్రౌజర్ అంటే ఉపగ్రహం తీసిన బొమ్మలను తేదీల వారీగ చూపెట్టే సైట్. ధర సున్న. నక్షత్రాలు ఐదుకు నాలుగు. నేను కోసిన ఆ ఒక్క నక్షత్రం వానకాలానిది, దాని సంగతి కింద చెప్త.

నేను మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా సిరోంచల సేవా కేంద్రం నడుపుత. సాత్‌బారా (భూమి రికార్డు) నకళ్లు తీసిచ్చుడు, ఆదాయం దాఖలాలు, పంట బీమా ఫారాలు, ఇ-పీక్ పాహణిల (సర్కారు పంట నమోదుల) పంట ఎక్కించుడు, ఇవే రోజూ పని. నా పుట్టిల్లు గోదావరి అవతల మహదేవపూర్ దిక్కు, అత్తగారిల్లు ఇవతల. ఇక్కడ కాగితాలన్నీ మరాఠీల ఉంటయి, వాటిని చేతుల పట్టుకొని వచ్చేటోళ్లు తెలుగుల మాట్లాడుతరు, మధ్యల నేను. కాబట్టి ఇది శాస్త్రవేత్తల కోసం రాస్తున్నది కాదు. చెలక ఉన్నోళ్ల కోసం, ఆ చెలక కాగితాలు చూసేటోళ్ల కోసం.

నా దగ్గరికి వచ్చే రైతు ముందుగాల తన ఫోన్ల గూగుల్ మ్యాప్ తీసి చూపెడతడు. "ఇగో బిడ్డా, ఇది నా చేను, గిది బోరు, గిది యాపచెట్టు." బొమ్మ మస్తు స్పష్టంగ ఉంటది, చెట్టు నీడ సుత కనబడతది. కాని అది ఏనాటి బొమ్మ? పోయినేడాదిదా, మూడేండ్ల కిందిదా? ఫోన్ల మ్యాప్ ఆ ముచ్చట చెప్పదు. నీళ్లొచ్చి పంట పోయినాయనకు చెట్టు నీడ కనబడితే ఏం లాభం? ఆయనకు కావాల్సింది తేదీ. కోపర్నికస్ బ్రౌజర్‌ల బొమ్మ మసకగ ఉంటది, చెట్టు కనబడదు, ఇల్లయితే ఒక చుక్క. కాని ప్రతి బొమ్మకు తేదీ ఉంటది, తీసిన గంట ఉంటది, 2015 నుంచి అన్నీ వరుసగ దాచి ఉంటయి. నేను దీన్ని పట్టుకొని ఉన్నది ఈ ఒక్క గుణానికే.

నడిపేది యూరోపియన్ యూనియన్. కోపర్నికస్ అనేది వాళ్ల భూ పరిశీలన కార్యక్రమం పేరు, ఉపగ్రహాల పేరు సెంటినెల్. పంటల బొమ్మలు తీసేది సెంటినెల్-2: మొదటిది 2015 జూన్‌ల ఎగిరింది, రెండోది 2017 మార్చిల, మూడోది 2024 సెప్టెంబర్‌ల. రెండు జంటగ తిరుగుతుంటే ఒక జాగ బొమ్మ ఐదు రోజులకోసారి పడతది, మన దిక్కు పొద్దున పదిన్నర, పదకొండు మధ్యల. సెంటినెల్-1 అనేది వేరే, అది రాడార్, 2014 ఏప్రిల్‌ల మొదలైంది. ఇంతకుముందు ఈ డేటా దించుకునే పాత సైట్ ఒకటుండె, 2023 ఆఖరుకు దాన్ని మూసేసిన్రు. దాని జాగల కోపర్నికస్ డేటా స్పేస్ ఎకోసిస్టమ్ అని పెద్ద పేరుతోని కొత్తది పెట్టిన్రు. నేను చెప్పే బ్రౌజర్ అందులోని ఒక భాగం. డేటా ఎవరికైనా ఉచితం, ఏ దేశమోళ్లకైనా. 2018 మార్చిల మన అంతరిక్ష శాఖకు, యూరోపియన్ కమిషన్‌కు ఉపగ్రహ డేటా ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం సుత అయింది. ఎక్కడో ఇటలీల, పోలండ్‌ల రైతులు కట్టిన పన్నుతోని మా ఒడ్డు మిరపచేను బొమ్మ వస్తున్నది. వాళ్లకు ఒక దండం.

ఇగ బొమ్మ ఎంత మసక అంటే, సెంటినెల్-2ల ఒక చుక్క నేల మీద పది మీటర్లకు పది మీటర్లు, అంటే వంద చదరపు మీటర్లు. మన సాత్‌బారాల క్షేత్రం హెక్టార్, ఆర్ అని రాసి ఉంటది కద, ఆ ఆర్ సుత సరిగ్గ వంద చదరపు మీటర్లే. ఎవరు కలిపి పెట్టిన్రో గాని నా పనికి దీనంత సులువైన లెక్క లేదు. కాగితంల 80 ఆర్ అని ఉంటే తెర మీద ఆ చెలకకు ఎనభై చుక్కలు. నది అవతల మా అన్నోళ్లకు గుంటల లెక్క, గుంట 101 చదరపు మీటర్లు, వాళ్లు సుత గుంటకొక చుక్క అనుకుంటే నడుస్తది. అయితే గట్టు మీద పడ్డ చుక్కల సగం నీ పత్తి ఉంటది, సగం పక్కాయన తుమ్మకంప ఉంటది. రెండెకరాల చెలకను ధైర్యంగ చూడొచ్చు, పది గుంటల మడికి మాత్రం దీన్ని నమ్మొద్దు. గట్టు జరిపిండని కొట్లాడుకునేటోళ్లు నా దుకాణానికి రాకుండ్రి, ఫీజు కట్టి మోజణీ (సర్కారు భూమి కొలత) పెట్టుకోండ్రి.

తెలియనోళ్లకు మా ఊరి సంగతి కొంచెం చెప్పాలె. సిరోంచ కాడ ప్రాణహిత వచ్చి గోదావరిల కలుస్తది. అవతలి ఒడ్డు కాళేశ్వరం. అక్కడి నుంచి కిందికి పోతే మేడిగడ్డ బ్యారేజీ, 85 గేట్లు, 16.17 టీఎంసీలు. 2016 మే 2న శంకుస్థాపన అయింది, 2019 జూన్ 21న తెలంగాణ, మహారాష్ట్ర, ఆంధ్ర ముఖ్యమంత్రులు ముగ్గురున్నంగ ప్రారంభమైంది, 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకుల పిల్లర్లు కుంగినయి. ఇవన్నీ పేపర్ల చదివినయే. పేపర్ల లేనిది ఏందంటే ఆ నీళ్లు ఏ నెలల ఎవరి ఒడ్డు దాక ఎక్కినయి అన్నది. బ్రౌజర్‌ల 2018 ఫిబ్రవరి తీయండ్రి: సంగమం కాడ తెల్లటి ఇసుక, మధ్యల సన్నటి పాయలు. 2020 ఫిబ్రవరి తీయండ్రి: ఇసుక ఆనవాలు లేదు, ఒడ్డు నుంచి ఒడ్డుకు నీళ్లు, ప్రాణహితలకు సుత వెనుకకు తోసుకొని పోయినయి. 2024 ఫిబ్రవరి తీస్తే మళ్ల ఇసుక. రెండు తేదీల బొమ్మలు ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యల గీతను అటు ఇటు జరిపే సౌకర్యం ఉన్నది, దాన్ని జరుపుతుంటే నది నిండుతది, ఎండుతది. మా మామకు ఒకనాడు చూపెట్టిన. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలే. "ఇసుక పోయింది, మళ్లచ్చింది. మన పుచ్చపాదులు మాత్రం రాలే," అన్నడు. మా ఇంటోళ్లు ఎండకాలం నదిల పుచ్చ పెట్టేటోళ్లు.

ఇట్ల చలికాలంల వచ్చే బ్యాక్‌వాటర్‌కు ఈ సేవ అచ్చంగ సరిపోతది. ఎందుకంటే నవంబర్ నుంచి మార్చి దాక మబ్బులు తక్కువ, దాదాపు ప్రతి ఐదు రోజుల బొమ్మ పనికొస్తది. ఒక కౌలు పంచాయితీ సంగతి చెప్త. ఊరు పేరు వద్దు. భూమి ఇక్కడాయనది, కౌలుకు తీసుకొని మిరప పెట్టింది గుంటూరు దిక్కు నుంచి వచ్చినాయన. సంక్రాంతి లోపల నది నీళ్లు చేన్లకు వస్తే సగం కౌలు మాఫీ అని మాట. నీళ్లొచ్చినయి. పండుగ ముందే వచ్చినయని కౌలుదారు, పండుగ ఎల్లినంక వచ్చినయని భూమాయన. చూసినోళ్లున్నరు గాని సగంమంది ఇటు, సగంమంది అటు. ఇద్దరినీ మా కేంద్రంల కూసుండబెట్టి ఆ జనవరి బొమ్మలు ఒక్కొక్కటే తీసిన. ఐదో తారీఖు బొమ్మల చేను నిండుగ ఉన్నది. పదో తారీఖు బొమ్మల నది దిక్కు భాగం నల్లగయింది, అంటే నీళ్లు. పండుగకు ముందే. కౌలుదారు గెలిచిననుకొని లేచిండు. "ఆగు అన్నా, చేను మొత్తం మునిగిందన్నవు కద," అని చుక్కలు లెక్కవెట్టి చూపిన. మునిగింది మూడో వంతు. భూమాయన మాట తేదీ కాడ పోయింది, కౌలుదారు మాట కొలత కాడ పోయింది. మూడో వంతు భూమికే మాఫీ అని తెగింది, చాయ తాగి పోయిన్రు. నెలాఖరుకు కౌలుదారు మళ్లొచ్చిండు, మునగని భాగంల సుత వేర్లు కుళ్లి చెట్టు వాడుతున్నదని. నిజమే, బొమ్మల పచ్చదనం దిగుతున్నది. అయితే అది నీళ్లకు దిగిందా, తెగులుకు దిగిందా అంటే ఉపగ్రహం చెప్పదు. ఆ పంచాయితీ ఇంక నడుస్తనే ఉన్నది.

ఆఫీసుల కాడ కత వేరే. ఇట్లనే ప్రింట్లు తీయించుకొని ఒకాయన నుక్సాన్ భర్పాయి (నష్టపరిహారం) అర్జీకి జతచేసిండు. అక్కడి సార్ వాటిని అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది తీసింది ఎవరు, సంతకం ఏది," అని పక్కన పెట్టిండట. నాకు కోపం వచ్చిన మాట నిజమే గాని, సార్ మాటను పూర్తిగ కొట్టేయలేను. నియమం ప్రకారం మనిషి చేన్లకు పోయి చూసి పంచనామా రాయాలె. బొమ్మల సర్వే నంబర్ ఉండదు, పట్టాదారు పేరు ఉండదు. కాని ఇంకో దిక్కు చూడండ్రి: పంట బీమాల ప్రభుత్వమే 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమల దిగుబడి తేల్చుటానికి ఉపగ్రహ లెక్కకు కనీసం 30 శాతం విలువ ఇస్తున్నది. మండలం లెక్కకు పనికొచ్చే బొమ్మ ఒక రైతు అర్జీల కనీసం జత కాగితంగనన్న ఎందుకు పనికిరాదు? పంచనామా కోసం ఏ ఊరికి ముందు పోవాలె అన్నది ఈ బొమ్మ చూసి తేల్చుకున్నా చాలు, సగం తిప్పలు తప్పుతయి.

వాడాలనుకునేటోళ్లకు రెండు మూడు మాటలు. ఖాతా తెరవకుండ సుత చూడొచ్చు, పెద్ద సైజుల దించుకోవాలంటే మాత్రం ఈమెయిల్‌తోని ఖాతా కావాలె, డబ్బులడగదు. ఊరి పేరు ఇంగ్లిష్ అక్షరాలల్ల కొడితేనే నయం. తేదీ కాడ మబ్బు శాతం పెట్టుకునే మీట ఉంటది, దాన్ని తగ్గిస్తే పనికిరాని బొమ్మలు పక్కకు పోతయి. మొదట మామూలు రంగుల బొమ్మ వస్తది. పంట చూడాలంటే ఫాల్స్ కలర్ అని ఉంటది, అది పెట్టండ్రి. ఇక్కడొక చిక్కు ఉన్నది. దాన్ల మంచి పంట ఎర్రగ కనబడతది. మా దగ్గరికి వచ్చినోళ్లందరు మొదటిసారి అడిగే ప్రశ్న ఒక్కటే: "అయ్యో, కాలిపోయిందా?" కాలలే. పచ్చటి ఆకు మన కంటికి కనబడని ఒక వెలుగును బాగ తిప్పికొడతది, ఆ వెలుగుకు ఎరుపు రంగు పూసి చూపెడతరు. ఎంత ఎరుపుంటే అంత ఆకు ఉన్నట్టు. ఎన్‌డీవీఐ అనేది దాన్నే అంకెల చెప్పుడు, ఒకటికి దగ్గరగ ఉంటే గుబురు, సున్న కాడికొస్తే వట్టి నేల, నీళ్లయితే సున్న కంటే కిందికి. ఒక చేను చుట్టు గీత గీస్తే ఏడాది పొడుగునా ఆ అంకె ఎట్ల నడిచిందో గ్రాఫు ఇస్తది. జనవరి ఆఖరుకు పత్తి గీత దిగుతుంటది, మిరప గీత ఇంక పైననే ఉంటది. ఇ-పీక్ పాహణిల పత్తి అని ఎక్కించి చేన్ల మిరప పెట్టినోళ్లు ఎవరో ఆ గీత చూస్తే నాకు తెలుస్తది. నేను ఎవరికీ చెప్పను, అది వేరే సంగతి.

సర్వే నంబర్ హద్దులు దీన్ల లేవు, రావు సుత. దానికి నేను చేసేది ఇది: రైతు కొడుకునో అల్లున్నో జీపీఎస్ యాప్ ఉన్న ఫోన్‌తోని చెలక గట్టు మీద ఒక చుట్టు నడిచి రమ్మంట. ఆ నడక గీతను కేఎంఎల్ ఫైలుగ (పటం మీది గీతను దాచే ఫైలు) పంపిస్తే బ్రౌజర్ దాన్ని తీసుకుంటది, చెలక ఆకారం బొమ్మ మీద కూసుంటది. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటు ఇటు అంటది, చుక్కే పది మీటర్లయినప్పుడు దానికి పెద్దగ బాధ లేదు. మహాభూనక్షాల (సర్కారు భూమి నక్షాల సైట్) గట్టు ఆకారంతోని పక్కపక్కన పెట్టి ఒకసారి సరిచూసుకుంటే చాలు.

ఇగ వానకాలం. జులై, ఆగస్టులల్ల సెంటినెల్-2 తెరిస్తే తెల్లటి మబ్బు తప్ప ఏం లేదు. వరద వచ్చేది అప్పుడే, బొమ్మ లేనిది అప్పుడే. 2022 జులైల వచ్చిన వరదను మా ఒడ్డోళ్లు ఇంక మరువలే, అప్పుడు భద్రాచలం కాడ గోదావరి 71.3 అడుగులు నడిచింది. ఆ వారమంతా మా మీద ఆకాశం మూసుకునే ఉన్నది. మబ్బుల నుంచి చూసేది సెంటినెల్-1 రాడార్ ఒక్కటే, రాత్రయినా దానికి అడ్డం లేదు. కాని అప్పట్ల అది పన్నెండు రోజులకోసారి వచ్చేది. దాని జంట ఉపగ్రహం 2021 డిసెంబర్‌ల చెడిపోయింది, దాని జాగల కొత్తది 2024 డిసెంబర్ దాక ఎగరలే. నది ఎక్కేది రెండు రోజులు, దిగేది మూడు రోజులు. ఆ వరద అంచు ఎక్కడిదాక వచ్చిందో చూడాలంటే సరిగ్గ ఆనాడే రాడార్ మన మీద నుంచి పోయి ఉండాలె. పోకపోతే మబ్బు విడిచినంక వచ్చే మొదటి బొమ్మల ఒండ్రు మేట, చచ్చిన పంట చూసి అందాజ కట్టాలె. ఒక నక్షత్రం కోసింది ఇందుకే. ఉపగ్రహం తప్పు కాదని తెలుసు, కాని నక్షత్రాలు ఇచ్చేది పని జరిగిందా లేదా అని చూసి కద.

రాడార్ బొమ్మతోని ఇంకో ప్రమాదం ఉన్నది, దీని గురించి ఎవరూ ముందుగాల చెప్పరు. నున్నటి నీళ్ల మీద పడ్డ రాడార్ కిరణం పక్కకు జారిపోతది, ఉపగ్రహానికి తిరిగి రాదు, అందుకే నీళ్లు నల్లగ పడతయి. గాలికి అలలు లేస్తే అదే నీళ్లు కొంచెం తెల్లబడతయి. సరే. కాని ఎండిన ఇసుక సుత నల్లగనే పడతది. చంద్రపూర్‌ల చదువుకునే మా మరిది కొడుకు ఒక ఏప్రిల్‌ల రాడార్ బొమ్మ తీసి, గోదావరి నిండుగ ఉన్నదని ఊరి వాట్సాప్ గుంపుల పెట్టిండు. నదికి పోయి చూస్తే మోకాలి లోతు లేదు. మా దిక్కు నదంటే సగం ఇసుకనే. కాబట్టి రాడార్ బొమ్మ ఒక్కటే చూసి ఏం చెప్పొద్దు, ఎండకాలం బొమ్మ ఒకటి పక్కన పెట్టుకొని, అప్పుడు నల్లగ లేనిది ఇప్పుడు నల్లగయిందా అని చూడాలె.

ఇంకొకటి సుత గట్టిగ చెప్పాలె. బీమాల ఒక్కొక్క చేను నష్టానికి సుత రక్షణ ఉంటే, నష్టం జరిగిన 72 గంటల లోపల తెలియజేయాలె. ఉపగ్రహం ఐదు రోజులకు వస్తది. బొమ్మ కోసం ఎదురుచూస్తూ కూసుంటే గడువు పోతది. ముందు ఫోన్ కొట్టండ్రి, ఫొటోలు తీసి పెట్టుకోండ్రి, బొమ్మ తర్వాత. అట్లనే రేపు నీళ్లొస్తయా అని నన్ను అడగొద్దు. దానికి కేంద్ర జలసంఘం వరద సూచనల సైట్ ఉన్నది, ప్రాణహిత మీద టేక్రా, గోదావరి మీద కాళేశ్వరం కాడ నీటి మట్టాలు చూసుకోవచ్చు. కోపర్నికస్ బ్రౌజర్ అయిపోయినదాన్ని చూపెట్టేది, అచ్చేదాన్ని కాదు.

పాత సంగతులకు సుత దీన్ల జాగ లేదు, 2015కు ముందు సెంటినెల్-2 లేదు. ఒక పెద్దమనిషి వచ్చి, "ఎనభై ఆరు వరద తీయి బిడ్డా, మా ఇల్లు పోయింది అప్పుడే," అన్నడు. 1986 ఆగస్టుల భద్రాచలం కాడ 75.6 అడుగులు నడిచిన వరద అది. దానికి అమెరికా వాళ్ల లాండ్‌శాట్ ఒక్కటే దిక్కు. 1972 నుంచి వరుసగ ఉన్నయి, 2008 నుంచి ఉచితం, ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ సైట్ల వెతకొచ్చు. కాని 1986ల పైనున్న లాండ్‌శాట్-5 పదహారు రోజులకోసారి వచ్చేది, రాడార్ లేదు, ఒక చుక్క ముప్పై మీటర్లు. ఆగస్టు మబ్బుల అది ఏం చూస్తది? ఆ మాటే చెప్పిన. ఆయన నవ్వి, "మీ ఉపగ్రహం కన్నా మా గుడి గోడ నయం, గీత ఉన్నది," అన్నడు. దాన్ల వాదించేది ఏమున్నది?

ఎండకాలం నాకు ఎక్కువ పనికొచ్చేది కోపర్నికస్ కాదు, నాసా వాళ్ల ఫర్మ్స్. అడవిల మంటలు చూపెట్టే సైట్ అది. మార్చిల ఇప్పపువ్వు ఏరేటప్పుడు చెట్ల కింద ఆకు కాలుస్తరు, తునికి చెట్టు కొత్తాకు కోసం అడవికి నిప్పు పెడతరు, గడ్చిరోలి అంతటా చుక్కలు. ఉపగ్రహం చూసినంక మూడు గంటలల్ల తెర మీదికొస్తది. ఫోన్ల సుత సులువుగ తెరుచుకుంటది. కాని ఆ చుక్క మంట ఉన్న కచ్చితమైన జాగ కాదు, 375 మీటర్ల గడి నడిమధ్యల పెట్టిన గుర్తు. ఇది తెలియక ఒకాయన చుక్క తన బర్రెల కొట్టం మీద పడ్డదని బండేసుకొని ఉరికిండు. బర్రెలు నెమరేస్తున్నయట. అటవీ సర్వే వాళ్లు, డెహ్రాడూన్ల ఉంటరు, వాళ్ల దగ్గర పేరు నమోదు చేసుకుంటే మంటల సందేశం ఫోన్‌కే వస్తది. తునికాకు కల్లాల కాడ పనిచేసేటోళ్లు అది పెట్టుకోవాలె.

మనోళ్లది లేదా అని అడుగుతరు. ఉన్నది. హైదరాబాద్ బాలానగర్‌ల ఉన్న జాతీయ దూర సంవేదన కేంద్రం 2009 నుంచి భువన్ నడుపుతున్నది. జిల్లా, తాలూకా హద్దులు, భూమి వాడకం పటాలు, వరద ముంపు పటాలు దాన్ల ఉన్నయి, ముంపు పటాలయితే ఆఫీసులోళ్లకు సుత నమ్మకమే, మీద మన ముద్ర ఉంటది కద. అదే సంస్థ భూనిధి సైట్ల మన రిసోర్స్‌శాట్ బొమ్మలు దొరుకుతయి. దాన్ల లిస్-4 కెమెరా చుక్క 5.8 మీటర్లు, సెంటినెల్ కంటే సన్నం. 2023 అంతరిక్ష విధానంల ఐదు మీటర్లు, అంతకంటే మసక బొమ్మలు ఉచితంగ ఇయ్యాలని రాసిన్రు. కాని భూనిధిల బొమ్మను దించుకొని క్యూజీఐఎస్ అసొంటి సాఫ్ట్‌వేర్‌ల తెరవాలె. నా దుకాణంల రైతు నిలబడి ఉండంగ ఆ పని కాదు. తేదీ నొక్కితే బొమ్మ, ఇంకో తేదీ నొక్కితే ఇంకో బొమ్మ, ఈ సుఖం నాకు కోపర్నికస్‌ల దొరికింది. గూగుల్ ఎర్త్ ఇంజిన్ల అన్నీ ఒకే కాడ ఉన్నయి గాని దానికి కోడ్ రాయాలె, అది మా మరిది కొడుకు పని. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి నాసా, ఇస్రో కలిసి ఎగిరేసిన నిసార్ మీద నాకు ఆశ ఉన్నది. అది సుత రాడారే, డేటా ఉచితం. మా ఇసుకను నీళ్ల నుంచి ఎంత బాగ విడదీస్తదో ఒక వానకాలం చూసి మళ్ల రాస్త.

చిన్న ఫిర్యాదులు తొందరగ చెప్పేస్త. తెలుగు లేదు, మరాఠీ లేదు. ఫోన్ల తెరవొచ్చు గాని వేలితోని చేను చుట్టు గీత గీయడం నరకం, ల్యాప్‌టాప్ ఉండాలె. మా దిక్కు ఇంటర్నెట్ మధ్యాహ్నం సన్నబడతది, అప్పుడు ఒక్కో బొమ్మ గడి గడిగ తెరుచుకుంటుంటే వెనుకున్న రైతు గడియారం చూసుకుంటడు. ఎడమ పక్కన ఉపగ్రహాల జాబితా కొత్తోళ్లను భయపెడతది, దాన్ల సెంటినెల్-2 ఎల్2ఏ ఒక్కటి పెట్టుకొని మిగిలినయి ముట్టకపోతే ఆరు నెలలు నడుస్తది. సెంటినెల్-5పీ గాలి కాలుష్యం బొమ్మలు చంద్రపూర్ కరెంటు కేంద్రం దిక్కు చూడటానికి బాగుంటయి గాని ఒక చుక్క కిలోమీటర్ల లెక్కల ఉంటది, ఊరి గాలికి అవి చాలవు.

ఈ బొమ్మలు అమ్ముకోవచ్చా అని ఇంకో సేవా కేంద్రం ఆయన అడిగిండు. అమ్ముకోవచ్చు, వ్యాపారానికి వాడినా వాళ్ల లైసెన్సు ఒప్పుకుంటది. ఒక్కటే షరతు, కింద కోపర్నికస్ సెంటినెల్ డేటా అని, ఏడాదితోని రాయాలె. నేను ప్రింటు కింద ఆ మాట, దాని పక్కన బొమ్మ తీసిన తేదీ పెద్ద అక్షరాలల్ల కొడుత. రంగుల ప్రింటుకు ఇరవై రూపాయలు. ఫోన్లకు పంపితే ఏం తీసుకోను.